కడుపునొప్పే కదా!

పిల్లలకు కడుపునొప్పి వస్తే డాక్టరు దాకా వెళ్ళేలోపు మన ఇళ్ళల్లో నాలుగు వైద్యాలు అయిపోతాయి. చిటికెడు వాము నమిలించడం, ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాయడం, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేయడం, అప్పటికీ తగ్గకపోతే ఆముదం. మా అత్తగారు ఈ విద్యలో ఆరితేరిన మనిషి. పదిహేనేళ్ళు ఆవిడ దగ్గర శిష్యరికం చేశాక నేనూ తక్కువదాన్నేం కాదు. నా ఇద్దరు పిల్లల కడుపునొప్పులనూ చాలావరకు పోపులపెట్టెతోనే నెట్టుకొచ్చాను. ఆ ధీమాతోనే పోయిన కార్తీకమాసంలో ఒక రాత్రి నేను చేయబోయిన పని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

మా ఆడపడుచుని ఆళ్ళగడ్డ ఇచ్చారు. వాళ్ళాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఆళ్ళగడ్డ శిల్పాల సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుక్కి ఆరేళ్ళు. వాడికి రక్తక్యాన్సరని, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని తేలింది. హైదరాబాదులో వైద్యం. ఇంజక్షన్లకు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తల్లీ కొడుకులు నంద్యాలలో మా ఇంట్లో ఆగుతారు. తండ్రి ఎప్పుడూ వెంట రాలేడు. ఉలి పక్కన పెడితే ఆ రోజు కూలి ఉండదు కదా!

ఆ రోజు మేమంతా మహానందికి పోయివచ్చాం. జనంలోకి తీసుకుపోవద్దని డాక్టర్లు చెప్పారని ఆమె మాత్రం పిల్లాణ్ణి పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయింది. రాత్రి పదకొండు దాటాక వాడు లేచి కూర్చుని, "అమ్మా, కడుపు నొచ్చాంది" అన్నాడు. మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని పక్కకు ఒరిగాడు.

అంతకు రెండు నెలల ముందు కూడా వాడికి ఇలాగే కడుపునొప్పి వచ్చింది. నాలుగు రోజులపాటు విరేచనం కాలేదు. అది విన్‌క్రిస్టిన్ అనే ఇంజక్షను వల్ల అని డాక్టర్లు చెప్పి, మెత్తబడే సిరప్ రాసిచ్చారు. రెండు రోజుల్లో సర్దుకుంది. నా మనసులో అదే ఉంది. "మళ్ళీ అదే అయ్యుంటుంది" అంటూ వంటింట్లోకి పోయి ఆముదం సీసా దించాను. అత్తగారు అప్పటికే గుప్పెట్లో ఉప్పు తీసుకుని ఉన్నారు. ఒళ్ళు తాకి చూస్తే వెచ్చగా కూడా లేదు.

"జ్వరం లేదు కదమ్మా, ఒక చెంచా పట్టిద్దాం. పొద్దున్నకు ఫ్రీ అయిపోతాడు" అన్నాను.

ఆమె సీసా మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు వదినా, ఏమీ ఇయ్యొద్దు. ముందు ఫోన్ చేస్తా" అంది.

మా ఆడపడుచు చదివింది పదో తరగతి. నేను డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, నలుగురికీ సలహాలు చెబుతాను. ఆ రాత్రి నాకు తెలియనిది ఆమెకు తెలుసు. సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసింది. అందులో ఏ తేదీన ఏ మందు ఎక్కించారో, రక్తపరీక్షలో ఏ అంకె వచ్చిందో, పిల్లాడు ఏ పూట ఏం తిన్నాడో, ఎప్పుడు విరేచనానికి వెళ్ళాడో అన్నీ రాసి ఉన్నాయి. చంకలో థర్మామీటర్ పెడితే 99.6 చూపించింది. హైదరాబాదు వార్డుకు ఫోన్ కలిసింది. అవతలి నర్సు ఆమెను వరసగా అడిగింది. చివరి ఇంజక్షను ఎప్పుడు? ఏ మందు? కౌంట్ ఎంత? నొప్పి బొడ్డు దగ్గరా, పైనా, కుడివైపు కిందా? వాంతి అయిందా? విరేచనంలో రక్తం పడిందా? ఇప్పుడు ఏ మాత్రలు వేస్తున్నారు?

ఆమె పుస్తకం చూసి చెబుతోంది. ఇంజక్షను అయి తొమ్మిది రోజులు. డెక్సామెథాసోన్ మాత్రలు నడుస్తున్నాయి. నొప్పి కుడివైపు కింద.

"స్టెరాయిడ్ మీద ఉన్న పిల్లాడు. జ్వరం కోసం ఎదురుచూడొద్దు. నోటికి ఏమీ ఇవ్వకుండా ఇప్పుడే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పోండి. ఫైలు తీసుకుపోండి" అంది నర్సు. స్పీకరులో నేనూ విన్నాను. నా చేతిలో ఆముదం సీసా అలాగే ఉంది.

మనకు తెలిసిన కడుపునొప్పి వేరు, క్యాన్సర్ వైద్యంలో ఉన్న పిల్లల కడుపునొప్పి వేరు. ఆ తర్వాత వార్డులో కూర్చున్న రోజుల్లో డాక్టర్లనూ నర్సులనూ అడిగి తెలుసుకున్నవీ, చదివినవీ మీతో పంచుకుంటాను. ఎందుకంటే ఈ పిల్లలు వైద్యమంతా ఆసుపత్రిలోనే ఉండరు. నెలల తరబడి ఆళ్ళగడ్డలాంటి ఊళ్ళల్లో, మనలాంటి వాళ్ళ ఇళ్ళల్లోనే ఉంటారు.

క్యాన్సర్ మందులు త్వరత్వరగా పెరిగే కణాలను చంపుతాయి. వాటికి చెడ్డ కణమేదో మంచి కణమేదో తేడా తెలియదు. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది. నోరు పూయడం మన కంటికి కనిపిస్తుంది. అదే పొర గొంతులోంచి పేగుల చివరిదాకా ఉంటుందనీ, నోట్లో పుండ్లు పడ్డట్టే పేగుల్లోనూ పడవచ్చుననీ మనకు తోచదు. అదే రోజుల్లో ఎముక మజ్జ కూడా దెబ్బతిని, రోగక్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పడిపోతాయి. అవి 500 కంటే తగ్గితే కాపలా లేని ఇల్లే. మన పేగుల్లో ఎప్పుడూ కోట్ల క్రిములు ఉంటాయి. మామూలు రోజుల్లో వాటి పాటికి అవి పడి ఉంటాయి. గోడ పుండై, కాపలా కూడా లేనప్పుడు గోడలోకి దిగుతాయి, అక్కడినుంచి రక్తంలోకి. ఎక్కువగా పెద్దపేగు మొదలయ్యే చోట, అంటే పొట్టకు కుడివైపు కింద ఇది జరుగుతుంది. దీన్ని టిఫ్లైటిస్ అంటారు. సాధారణంగా మందు ఎక్కించిన తర్వాత వారం పది రోజులకు, కౌంట్ అడుగంటినప్పుడు వస్తుంది. అటువంటి పేగు మీద ఆముదం పోసి తోయడం ఎంత ప్రమాదమో ఊహించండి. ఎనిమా, మలద్వారంలో పెట్టే మందు, అక్కడ పెట్టే థర్మామీటర్ కూడా కౌంట్ లేని పిల్లలకు పనికిరావు. సన్నని గీత పడినా చాలు, క్రిములకు దారి దొరుకుతుంది.

ఇక ఆ స్టెరాయిడ్ సంగతి. నాకు అన్నిటికంటే భయమేసింది అదే. లుకేమియా వైద్యంలో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ ముఖ్యమైన మందులు, మానడానికి లేదు. కానీ అవి జ్వరాన్ని కనిపించనివ్వవు, లోపల వాపు ఉన్నా పొట్ట గట్టిపడనివ్వవు, నొప్పిని తగ్గించి చూపిస్తాయి. పేగుకు చిల్లు పడినా పిల్లాడు కాస్త నలతగా మాత్రమే కనిపించవచ్చునట! "పెద్ద నొప్పేం కాదులే, జ్వరం కూడా లేదు" అనే మన ధైర్యానికి ఈ పిల్లల విషయంలో అర్థం లేదు. ఒకవేళ జ్వరం ఉంటే (100.4 డిగ్రీలు దాటి నిలబడితే) అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవలసిందే. డాక్టర్ని అడగకుండా పారాసిటమాల్ వేసి దాన్ని అణచిపెట్టకూడదు. పెద్దవాళ్ళ నొప్పికి మనం హ్యాండ్‌బ్యాగుల్లో పెట్టుకునే మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ మాత్రల జోలికైతే అసలే పోకూడదు. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్న పిల్లలకు అవి రక్తస్రావం తెచ్చిపెడతాయి.

ఆ రాత్రి కారులో ఆసుపత్రికి పోతుంటే వాడు ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని కేక వేశాడు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వయసులో చిన్నదే. ఫైలంతా చదివి, పొట్ట తాకకముందే, "దారిలో కుదుపులకు ఏడ్చాడా?" అని అడిగింది. నేను ఆశ్చర్యపోయాను. 2012లో ఇంగ్లండు డాక్టర్లు అపెండిసైటిస్ అనుమానంతో వచ్చిన పెద్దవాళ్ళను ఇదే ప్రశ్న అడిగి చూశారట. ఆ జబ్బు ఉన్నవాళ్ళలో దాదాపు అందరూ స్పీడు బ్రేకర్ల మీద నొప్పి పెరిగిందన్నారట. పిల్లలకు 'ఎలా నొప్పి' అంటే చెప్పడం రాదు. నొప్పి పుట్టిన చోటు ఏదైనా బొడ్డు మీదే వేలు పెడతారు. అందుకని వాళ్ళ నడకా, కుదుపూ, దగ్గూ చూసి మనమే కనిపెట్టాలి. వంగి నడుస్తున్నాడా, గెంతమంటే గెంతుతాడా, కాళ్ళు చాపి పడుకోగలడా? ఇవి తల్లికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తాయి!

రక్తం తీశారు. న్యూట్రోఫిల్స్ రెండు వందలు కూడా లేవు. హైదరాబాదు డాక్టరుతో ఫోనులో మాట్లాడి, గంటలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. తెల్లవారుజామున సెలైన్ బాటిలుతోనే అంబులెన్సులో కర్నూలు మీదుగా హైదరాబాదుకు బయల్దేరాం. 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. అంత దూరం అంత పొడవుగా నాకెప్పుడూ అనిపించలేదు.

అక్కడ అల్ట్రాసౌండ్ తీశారు. పేగు గోడ 3 మిల్లీమీటర్లు దాటి ఉంటే వాచినట్టు లెక్క. వాడికి అంతకంటే ఎక్కువే ఉంది. అపెండిక్స్ కూడా అక్కడే ఉంటుంది కాబట్టి నొప్పి చోటు చూసి అదో ఇదో చెప్పలేరు, స్కానింగే చెప్పాలి. చిల్లు పడి గాలి బయటికి వచ్చిందేమోనని ఎక్స్‌రే కూడా తీశారు. సర్జన్ రోజూ వచ్చి పొట్ట తాకి చూసిపోయేవాడు. ఆపరేషను అవసరం పడలేదు. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైనూ యాంటీబయాటిక్కులతో పన్నెండు రోజులు. వాడికి అన్నం పెట్టనివ్వని ఆ రోజుల్లో మా ఆడపడుచు తను కూడా వరండాలోకి పోయి, వాడికి కనపడకుండా తినేది.

పక్క మంచం మీద పదేళ్ళ అమ్మాయి. ఆ పిల్లకూ కడుపునొప్పే, కానీ పైభాగంలో, వీపులోకి పొడుచుకుపోతున్నట్టు. వాంతులు. ఆ అమ్మాయికి ఆస్పరాజినేజ్ అనే ఇంజక్షను వల్ల క్లోమం వాచింది. రక్తంలో ఎమైలేజ్, లైపేజ్ చూసి కనిపెట్టారు. ఒకే గదిలో రెండు మంచాలు, ఒకే మాట 'కడుపునొప్పి', రెండు వేరే జబ్బులు, రెండు వేరే వైద్యాలు. ఇంకొక బాబుకు సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు వల్ల మూత్రాశయంలో మంట పుట్టి పొత్తికడుపు నొప్పి. ఊపిరితిత్తి కింది భాగంలో నిమ్ము చేరినా పిల్లలు కడుపే చూపిస్తారట. సర్పి అని మనం జేగురు పూసే జబ్బు ఉంది చూశారా, అది పొక్కులు తేలడానికి రెండు మూడు రోజుల ముందే ఉత్త కడుపునొప్పిగా రావచ్చునట. అందుకే బట్టలు విప్పి ఒళ్ళంతా చూస్తారు.

మొదటిసారి వాడికి వచ్చిన నొప్పి గురించి చెప్పాను కదా, ఆ విన్‌క్రిస్టిన్ ఎక్కడిదో తెలుసా? మన వాకిట్లో పూసే బిళ్ళగన్నేరుది! ఆళ్ళగడ్డలో వాళ్ళింటి గుమ్మం పక్కనే గుబురుగా ఉంది. రోజూ ఆ పూలే దేవుడికి పెడుతుంది. ఆ మొక్కలోంచి తీసిన మందు 1960ల నుంచీ లుకేమియా పిల్లలను బతికిస్తోంది. అయితే అది నరాలను మందగింపజేస్తుంది, పేగు కదలిక తగ్గుతుంది. మలబద్ధకంతో మొదలై, ఒక్కోసారి పేగు పూర్తిగా ఆగిపోయి పొట్ట ఉబ్బి వాంతులవుతాయి. ఫంగస్‌కు వాడే కొన్ని మందులు తోడైతే ఇది మరీ ఎక్కువవుతుంది. కాబట్టి ఏ మాత్ర వేస్తున్నా చెప్పాలి. మొక్క ఇంట్లోనే ఉంది కదాని ఆకు నూరి పోసేరు సుమా! అది విషం. ఆసుపత్రిలో మిల్లీగ్రాముల్లో కొలిచి ఎక్కించే మందు వేరు.

ఇంకొక మందు మెథోట్రెక్సేట్. దాని వెనక మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పనిచేస్తూ, ఆయన బృందంతో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందునే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కు తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావుగారు పోయారు. దానికి చెల్లెలులాంటిదే ఈ మెథోట్రెక్సేట్. ఆ మొదటి మందుతోనే పిల్లలకు నోట్లో పుండ్లు పడటం ఫార్బర్ గమనించాడు. అంటే మందు ఎప్పుడు పుట్టిందో దాని బాధ కూడా అప్పుడే పుట్టింది. ఈ రెంటినీ విడదీయలేం, కనిపెట్టుకుని ఉండగలం.

ఆ కనిపెట్టుకోవడంలో పెద్ద చిక్కు ఏమిటంటే, పిల్లలు అబద్ధం చెబుతారు. మావాడు తర్వాత బయటపెట్టాడు. ఆ రోజు సాయంత్రం నుంచే నొస్తోందట. చెబితే సూది పొడుస్తారని ఊరుకున్నాడట! ఆరేళ్ళ పిల్లాడు పొట్ట పట్టుకుని టీవీ ముందు కూర్చుని నవ్వుతూ ఉన్నాడు. దీనికి ఎదురు కూడా ఉంది. ఆసుపత్రికి పోయే రోజు పొద్దున భయంతో నిజంగానే కడుపులో దేవుతుంది కొందరికి. "నాటకాలాడుతున్నాడు" అంటారు ఇంట్లో మగవాళ్ళు. భయం వల్ల వచ్చిందో, పేగు వాచి వచ్చిందో ఇంట్లో కూర్చుని తేల్చే విద్య మనలో ఎవరికీ లేదు. చెప్పినందుకు తిట్టకుండా ఉంటే చాలు, రెండోసారి దాచరు.

నాకు బాధ కలిగించిన సంగతి ఇంకోటి ఉంది. వాడి ఫైలు నాలుగంగుళాల మందం. మొత్తం ఇంగ్లీషు. మా ఆడపడుచు పుస్తకంలోని తెలుగు రాతలన్నీ ఒక నర్సమ్మ దయవల్ల వచ్చినవి. ఆమె తీరిక చేసుకుని, ఇది వస్తే ఫోన్ చెయ్, అది వస్తే రాత్రయినా బయల్దేరు అని చెప్పి రాయించింది. ఆ నర్సమ్మ ఆ రోజు సెలవులో ఉండి ఉంటే? అమ్మకు రాయడం రాకపోయి ఉంటే? ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతం పైగా నయమవుతుంటే చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందులు దొరకకపోవడం, జబ్బు ఆలస్యంగా తెలియడం, వైద్యం మధ్యలో మానేయడం, వైద్యంలో వచ్చే ఇన్‌ఫెక్షన్లకు పోవడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మనకిప్పుడు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇవాళ ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం ఉంది. లక్షల ఖరీదు చేసే వైద్యం కార్డు మీద జరుగుతోంది. అంత ఖర్చు పెడుతున్న చోట ఒక్క కాగితం, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఇవ్వలేరా? కడుపునొప్పి వస్తే ఏం చేయకూడదు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, దగ్గర్లోని ఆసుపత్రి డాక్టరు ముందు ఏం చూడాలి, అంతే. తల్లి చదువుకోవడానికి ఒక వైపు, నంద్యాల డాక్టరో ఆళ్ళగడ్డ డాక్టరో చదువుకోవడానికి రెండో వైపు. 2022లో మాకు జిల్లా వచ్చింది, 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. మొదటి గంటలో యాంటీబయాటిక్ ఇవ్వడానికి హైదరాబాదు పోనక్కర్లేదు. ఆ పిల్లాడు ఎవరో, ఏ వైద్యంలో ఉన్నాడో తెలియడమే కావలసింది.

ఆ కాగితం వచ్చేదాకా మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అటువంటి పిల్లలుంటే ఒక నోట్‌బుక్ పెట్టండి. చివరి ఇంజక్షను తేదీ, మందు పేరు, చివరి కౌంట్, రోజూ వేసే మాత్రలు, విరేచనం ఎప్పుడయింది, వార్డు ఫోన్ నంబరు. నొప్పి వచ్చినప్పుడు అది ఎక్కడ మొదలైంది, ఎటు జరిగింది, ఆగి ఆగి వస్తోందా ఒకే తీరుగా ఉందా రాయండి. రోజూ వేసే మందులను మాత్రం డాక్టరు చెప్పకుండా మీ అంతట మీరు ఆపొద్దు, స్టెరాయిడ్‌ను అసలే ఆపొద్దు. పెద్దవాళ్ళు దిష్టి తీస్తామంటే తీయనివ్వండి, దానివల్ల పేగుకు వచ్చే నష్టమేమీ లేదు. పొగ మాత్రం పిల్లాడి మొహం మీదికి రానివ్వొద్దు. బండి వచ్చేలోపు మా అత్తగారు ఆ పని పూర్తి చేశారు కూడా.

వాడి వైద్యం ఇంకా ఏడాదిన్నర ఉంది. ఇప్పుడు ఇంటి దగ్గర మాత్రలే ఎక్కువ, జుట్టు ఒత్తుగా వచ్చింది. పోయిన వారం వచ్చి పెరట్లో జామచెట్టు కింద దొరికినన్ని కాయలు తినేశాడు. రాత్రి పడుకోబోయేముందు నా దగ్గరికి వచ్చి, "అత్తా, కడుపు నొచ్చాంది. కాయల నొప్పే, నాకు తెలుసు" అన్నాడు.

నేను ముందు థర్మామీటర్ తీశాను. వాళ్ళమ్మ పుస్తకం తెరిచింది.